పిండికట్టు, కమాను కట్ట

కాలవ దాటే మోరీ మీద వ్యాన్ వెనక చక్రం పడినప్పుడు ఆ దెబ్బ నా అరచేతికి తగిలింది.

ఆ చెయ్యి మా వాడి పిండికట్టు మీద ఉంది. నడుము నుంచి కుడికాలి మడమ దాకా, ఎడమ పక్క మోకాలి దాకా వేసిన కట్టు. వ్యాన్ వెనక సీట్లు విప్పేసి, అక్కడ చెక్క పలక పరిచి, పలక మీద రెండు బొంతలు వేసి వాణ్ణి పడుకోబెట్టాం. చక్రం కింద పుట్టిన దెబ్బ రేకులోంచి పలకలోకి, పలకలోంచి బొంతల్లోకి, బొంతల్లోంచి కట్టులోకి వచ్చి నా చేతిని కొట్టింది. కింద నుంచి ఎవరో సుత్తితో కొట్టినట్టుంది. అంత దూరం వచ్చినా కొంచెం కూడా మెత్తబడలేదు. నా చేతికే ఇంత తగిలితే లోపల విరిగిన ఎముకకు ఎంత తగిలుంటుంది అనుకున్నాను.

వాడికప్పుడు నాలుగేళ్ళు. మిద్దె మెట్ల మీద నుంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. అనంతపురం ఆస్పత్రిలో డాక్టరు విరిగిన రెండు కొనలనూ ఎదురెదురుగా చేర్చి, కట్టు వేసి, నాలుగు రోజులు చూసి ఇంటికి పంపాడు. పంపుతూ చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ అట్లే గుర్తున్నాయి. "పన్నెండు రోజులకు తీసుకురాండి, ఎక్స్‌రే తీస్తాం. అంతదంక కుదుపు తగలనీయొద్దు, అదే ముఖ్యం. కుదుపుకు ఎముక పక్కకు జరిగిందంటే కోసి లోపల కడ్డీ వేయాల్సొస్తాది. అంత చిన్నోడికి అది మంచిది కాదు."

కుదుపు తగలకూడదన్న పిల్లవాణ్ణి ఈ వ్యాన్‌లో ధర్మవరం తీసుకుపోతున్నాం. పన్నెండు రోజులకు మళ్ళీ ఇదే వ్యాన్‌లో రావాలి.

"ఆపండి," అన్నాను.

"ఈడ ఆపితే ఏమొస్తాది? నీడ కూడా ల్యా," అన్నారు మా ఆయన స్టీరింగు వదలకుండా. "మెల్లగా పోతాండా గదా."

మెల్లగానే పోయారు. ఎద్దుల బండి ఒకటి మమ్మల్ని దాటి పోయింది. అయినా ప్రతి గుంటా నా చేతికి తెలుస్తూనే ఉంది. వాడు మొదట ఏడ్చాడు, తర్వాత నా కొంగు నోట్లో పెట్టుకుని పళ్ళు బిగించాడు. నేను వాడి కాలివేళ్ళు తాకి వెచ్చగా ఉన్నాయా, రంగు మారాయా అని చూసుకుంటూ వచ్చాను. ఇల్లు చేరేసరికి పొద్దు వాలిపోయింది.

రైలుంది కదా అని ఎవరైనా అనొచ్చు. మేమూ అనుకున్నాం. కాళ్ళు ఎడంగా చాచి వేసిన కట్టుతో ఆ పలక రైలు పెట్టె తలుపులో పట్టదు. పట్టినా స్టేషన్లో దిగాక ఆస్పత్రి దాకా జట్కా ఎక్కాలి. జట్కా కంటే మా వ్యానే నయం. అంతకు మించి దాని గురించి మంచి మాట చెప్పలేను.

ఆ వ్యాన్ మేము కొనేటప్పటికే ముసలిది. కదిరిలో ఒక శెనక్కాయల వ్యాపారి దగ్గర కొన్నారు. మా వాళ్ళది పట్టుచీరల అంగడి. మగ్గాల ఇళ్ళ నుంచి చీరలు తెచ్చుకోవడానికి, పెళ్ళిళ్ళ కాలంలో ఊర్లు తిరగడానికి పనికొస్తుందని తీసుకున్నారు. గట్టిగా కుదుపుతుందని తెలుసు. చీరల మూటలకు నడుము నొప్పి రాదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

మరుసటి రోజు మళ్ళీ ఎత్తాను ఆ మాట.

"రోడ్డు అట్లుండాది. దానికి వ్యాన్ ఏం చేస్తాది?" అన్నారు ఆయన.

"అదే రోడ్డు మీద బస్సులో పోయినాను గదా నేను. ఇంత దెబ్బ యాడా తగల్లేదు."

"బస్సు పెద్దది."

"పెద్దదైతే?"

నేను అనంతపురంలో బి.ఎస్సీ చదివాను. ప్రాక్టికల్స్‌లో స్ప్రింగుకు బరువులు తగిలించి, పక్కన స్కేలు పెట్టి, ఎంత సాగిందో రాసుకున్నాను. పెళ్ళయిన తర్వాత ఆ చదువు ధోబీ పద్దుకు తప్ప పనికొచ్చింది లేదు. అంత చదివీ ఒక నేర్పు మాత్రం మిగిలింది. ఏదైనా ఎక్కువా తక్కువా అని కొట్లాడే ముందు కొలవాలి.

మా వీధి చివర కాలవ మీద బండలు పరిచిన చిన్న మోరీ ఉంది. ఒక చెంబు నిండా నీళ్ళు పలక మీద పెట్టి, వ్యాన్ ఆ మోరీ దాటాక ఎన్ని నీళ్ళు మిగిలాయో చూద్దామనుకున్నాను. మా అత్త చూసింది.

"ఏమ్మే, కొళాయి కాడ ఆడోళ్ళు జుట్లు పట్టుకుంటాండారు బిందెడు నీళ్ళకు. నువ్వు వ్యాన్‌లో ఒలకబోసేదానికి పెడ్తాండావా?"

నిజమే. ఆ ఏడు వానలు లేవు. చెంబు లోపల పెట్టి, పళ్ళెం తెచ్చి, అందులో యాభై శెనక్కాయలు ఒక వరుసలో పరిచాను. ఒలికినా ఏరుకోవచ్చు. మా పెద్దపాపకు ఆరేళ్ళు, లెక్కపెట్టడం అప్పుడే బాగా వచ్చింది. మా ఆయన విసుక్కుంటూనే నడిపారు. మోరీ దాటాక పాప కింద పడినవి ఏరి, వేళ్ళు మడిచి, "ముప్పై ఒకటి ఎగిరినాయి!" అని అరిచింది.

టైర్లలో గాలి ఎక్కువుందేమో అని మా ఆయనే అన్నారు. సైకిలు షాపు దాకా పోయి కొంత తీయించుకొచ్చారు. మళ్ళీ యాభై పరిచి అదే మోరీ, అదే వేగం. ఇరవై ఎనిమిది.

"మూడు తగ్గినాయి చూడు," అన్నారు ఆయన.

"ఇంకా ఇరవై ఎనిమిది ఉండాయి చూడండి," అన్నాను నేను. గాలి కాదని తేలిపోయింది. అప్పటికి మూడు రోజులు పోయాయి.

నాలుగో రోజు రైల్వే గేటు దగ్గర షెడ్డు నుంచి మేస్త్రీని పిలిపించాం. అరవై ఏళ్ళ సాయిబు. ఊర్లో లారీలు, వ్యాన్లు అన్నీ ఆయన చేతి మీదుగా పోయేవే. గడ్డానికి గ్రీజు అంటుకుని ఉంది. వచ్చి, వ్యాన్ వెనక భాగాన్ని ఒకసారి కాలితో నొక్కి, వెంటనే చెప్పేశాడు.

"కమాను చచ్చిపోయిందమ్మా. ఇంకో పట్టా ఎక్కిస్తా. సాయంత్రానికి బండి రాయి మాదిరి నిలబడ్తాది."

"రాయి మాదిరి ఉండేదే మా బాధ, మేస్త్రీ."

ఆయన నవ్వాడు. మా ఆయన నా వైపు చూసి కళ్ళతోనే ఊరుకోమన్నారు. వెనక చక్రాలకు అటూ ఇటూ ఒక్కో కట్ట ఉంటుంది, పొడవైన ఇనుప పట్టాలు ఒకదాని మీద ఒకటి పేర్చి విల్లులాగా వంచి బిగించింది. దాన్నే కమాను కట్ట అంటారు. బరువు దాని మీదే నిలుస్తుంది. మా పక్క వ్యాన్ల వాళ్ళందరూ శెనక్కాయ బస్తాలు, బండలు మోసేవాళ్ళే. వాళ్ళు చేసే ఫిర్యాదు ఒకటే, బండి కుంగుతోందని. కాబట్టి మేస్త్రీ దగ్గర అన్ని రోగాలకూ మందు ఒకటే, ఇంకో పట్టా.

"కమాను చచ్చింటే బరువు పెడితే కుంగాల గదా?" అని అడిగాను.

"కుంగుతాది."

"అయితే కొలుద్దాం."

"యాడ దొరుకుతాదమ్మా బరువు? బస్తాలు తెప్పించాల."

బస్తాలెందుకు, వీధి నిండా ఆడవాళ్ళున్నారు. మరుసటి రోజు పొద్దున కొళాయి మూసేశాక వాళ్ళనూ మేస్త్రీనీ పిలిచాను. పిల్లవాడి కాలు కోసమని చెబితే ఎవరూ రానని అనలేదు. అంగడి నుంచి చీరలు కొలిచే మీటరు బద్ద తెచ్చుకుని, వెనక చక్రం దగ్గర మట్టిలో కూర్చున్నాను. టైరు పైభాగం నుంచి దాని మీది రేకు అంచు దాకా, ఖాళీ వ్యాన్‌కు పదిహేడు సెంటీమీటర్లు.

"ఎక్కండి."

ఆరుగురు ఎక్కారు. పదిహేడు.

"ఇంకొకరు కావాల."

ఎదురింటి పెద్దమ్మ ముందుకొచ్చింది. మా వీధిలో ఆమె నడిస్తే అరుగు మీద పిల్లి లేచిపోతుంది. రెండు చేతులూ పట్టి లోపలికి లాగాల్సి వచ్చింది. అందరూ వెనక్కి సర్దుకుని కూర్చున్నారు.

"దిగిందా?" అని లోపల నుంచి ఆమే అడిగింది.

బద్ద మీద గీత చూశాను. మళ్ళీ చూశాను. పదిహేడు.

"దారం మందం కూడా దిగలేదు, పెద్దమ్మా."

"నేను ఎక్కినా దిగలేదంటే దీనికి సిగ్గు ల్యా!" అంది ఆమె. వ్యాన్ నిండా నవ్వులు.

మా ఆయన నవ్వలేదు. నా పక్కన వచ్చి కూర్చుని బద్ద తీసుకుని తనే కొలిచారు. మేస్త్రీ కూడా నవ్వలేదు. చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు.

"ఏడు మంది ఆడోళ్ళకు కుంగకపోతే," అన్నాడు మెల్లగా, "ఇది చావలేదమ్మా. ఇది పనే చేయడం ల్యా."

నేల మీద గోనెపట్ట పరుచుకుని కిందికి దూరాడు. సుత్తితో కమాను కట్టను కొట్టాడు. "ఇను, అన్నా," అన్నాడు మా ఆయనతో. "గంట మాదిరి మోగాల. మొద్దును కొట్టినట్టుండాది." కొంచెం సేపటికి స్క్రూడ్రైవరు అడిగాడు. గీకుతున్న చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

"మేస్త్రీ?"

"వస్తాండా, వస్తాండా."

బయటికి వచ్చి అరచెయ్యి చాపాడు. చేతిలో గోరంత పెంకు. దాన్ని అంచు మీద నిలబెట్టి చూపించాడు. నలుపు, దాని కింద వెండిరంగు, దాని కింద ఎరుపు, మళ్ళీ నలుపు, మళ్ళీ వెండి. ఏటికొక పూత.

"ఆయుధపూజ," అన్నాడు.

మా పక్క ఆయుధపూజ అంటే బండ్ల పండగ. సైకిలు మొదలు లారీ దాకా అన్నిటినీ కడిగి, రంగు పూసి, పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొడతారు. వ్యాన్‌కు పైన రంగు వేసినా వేయకపోయినా కింద కమానుకు మాత్రం తప్పకుండా వేయాలి. మోసేదానికే మొదట పూజ అంటుంది మా అత్త. కదిరి వ్యాపారి కూడా అట్లే అనుకున్నట్టున్నాడు. ఏటేటా ఒక్కొక్క పూత ఆ పట్టాల సందుల్లోకి కారి, ఎండి, లోపల తుప్పుతో కలిసి గట్టిపడిపోయింది. బరువు పడినప్పుడు పట్టాలు ఒకదాని మీద ఒకటి జారాలి. అట్లా జారితేనే కమాను వంగుతుంది, దెబ్బను మింగుతుంది. మా కమాను కట్ట మొత్తం ఒక్క ఇనుప దూలం అయి కూర్చుంది.

"పూసింది ఎవరనుకుంటిరి?" అన్నాడు మేస్త్రీ. "నేనే. పండగకు ముందు దినం పన్నెండు బండ్లు వస్తాయి నా షెడ్డుకు. నా రంగు, నా కుంచె. దుడ్లు కూడా తీసుకోను, తెలిసినోళ్ళు గదా అని. ఇరవై ఏండ్లుగా పూస్తాండా. గ్రీజు పట్టించే చిన్న నోళ్ళుంటాయే, ఆ నిపుళ్ళ మీద కూడా పూసేసినా. ఒక్కడన్నా ఏమప్పా ఇది అని అడగలేదు."

"మేము మెచ్చుకుంటిమి గూడా," అన్నారు మా ఆయన.

"అవ్, టీ గూడా తాపిస్తిరి."

ఆ ముసలాయన మొహం చూస్తే నాకు కోపం రాలేదు. రోగం ఏదో తెలిసిందన్న సంతోషం అంత పెద్దది. వీధి మధ్యలో నిలబడి గట్టిగా అరవాలనిపించింది.

కానీ విప్పడానికి మా అత్త ఒప్పుకోలేదు.

"దసరాకు పెట్టిన కుంకుమ ఇంకా ఉండాది దాని మీద. పిల్లోడు మంచం మీద ఉన్నప్పుడు దేవునికి పెట్టింది గీకేస్తారా? మళ్ళీ దసరా దంక ఆగండి. లేదంటే వాడు లేచి నడిచినంక చేసుకోండి."

"వాడు నడవాలంటే ఇప్పుడే చేయాల, అత్తా."

"నువ్వు చదువుకున్నావు. నేను ముగ్గురిని కన్నా, ఇద్దరిని పోగొట్టుకున్నా. నాకు భయం ఉండాది."

భయం నాకూ ఉంది. ఆమెది గీకితే ఏమవుతుందోనని, నాది గీకకపోతే ఏమవుతుందోనని. మా ఆయన తల్లికి ఎదురు చెప్పే మనిషి కాదు. ఆ రోజంతా వ్యాన్ వీధిలో అట్లే నిలబడి ఉంది. ఏడు రోజులు మిగిలాయి.

మరుసటి రోజు ఆమెకు ఒక మాట చెప్పాను. "అత్తా, గీకొద్దులే. వాడు పడుకున్న పలక మీద నువ్వొకసారి కూర్చొని మోరీ దంక పోయి రా. వాడికి ఎట్లుంటాదో నువ్వే చెప్పు. ఆ పైన నువ్వెట్ల చెప్తే అట్లే."

ఆమె పంతం మనిషి. "అంత మాత్రం దానికేం," అని కొంగు నడుముకు చుట్టి ఎక్కింది. నేను పిల్లవాడి దగ్గర ఉండాలి కాబట్టి వాకిట్లో నిలబడి చూశాను. వ్యాన్ వీధి చివర దాకా పోయింది. మోరీ దాటింది. అక్కడే ఆగిపోయింది. తిరిగి రావడానికి చాలా సేపు పట్టింది. వచ్చింది వ్యాన్ కాదు, మా అత్త. నడుము మీద చెయ్యి పెట్టుకుని, ఒక్కొక్క అడుగూ వేస్తూ నడిచొచ్చింది. వెనక మా ఆయన ఖాళీ వ్యాన్ మెల్లగా తోలుకొస్తున్నారు.

వచ్చి మనవడి తల మీద చెయ్యి పెట్టింది. "నా తండ్రీ, దీంట్లోనా నిన్ను తెచ్చింది!" అంది. తర్వాత మా ఆయన వైపు తిరిగి, "ఏం జూస్తాండావురా? మేస్త్రీని పిలువు. పెరికేయమను. దేవునికి నేను చెప్పుకుంటా."

తనే పోయి కమాను మీది కుంకుమను తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ తులసికోటలో పిండింది. నీళ్ళు వృథా కానివ్వలేదు.

వ్యాన్‌ను మా ఇంటి ముందరే జాకీ పెట్టి లేపి, కింద బండలు పేర్చారు. షెడ్డుకు తోలుకుపోతే అక్కడి లారీల వెనక పడుతుందని నేను పట్టుబట్టాను. కట్టను ఇరుసుకు బిగించే యూ బోల్టులు విప్పడానికే ఒక పూట పట్టింది. కట్ట మొత్తం ఊడి వచ్చాక మధ్య బోల్టు తీసినా పట్టాలు విడిపోలేదు. కిరసనాయిలు పోసి ఒక దినం నానబెట్టి, ఉలి పెట్టి కొడితే మొదటి పట్టా ఊడింది. ఊడినప్పుడు ఠంగుమని మోగింది. "ఇనబడిందామ్మా? గంట!" అన్నాడు మేస్త్రీ.

రెండు కట్టల్లోనూ ఒక్కొక్క పట్టా మిగతావాటికంటే మందంగా ఉంది. ఆయన దాన్ని ఎత్తి చూసి పక్కన పడేశాడు. "ఇది లారీది. బస్తాల కోసం ఎక్కించినారు. నేను కాదు," అని చేతులు చూపించాడు. మా ఆయన పగలబడి నవ్వారు. వారం రోజుల తర్వాత అదే మొదటి నవ్వు.

ఇనుప బ్రష్షుతో ప్రతి పట్టానూ తెల్లగా మెరిసేదాకా రుద్దారు. మా ఆయన అంగడికి మధ్యాహ్నాలు సెలవిచ్చి, పంచె ఎగగట్టి రుద్దారు. దారిన పోయేవాళ్ళు, "ఏమప్పా, చీరలు అమ్ముడుపోవడం లేదా?" అని అడిగేవాళ్ళు. "ఇదే కొత్త డిజైను," అనేవారు ఆయన. నేను కిటికీలోంచి చూస్తూ, లోపల వాడికి ఎన్ని పట్టాలు అయ్యాయో చెబుతుండేదాన్ని. రుద్దిన వాటికి నల్ల గ్రీజు పూసి మళ్ళీ పేర్చారు. కట్టల కొనల్లో బుష్‌లు అరిగిపోయాయి. వాటికోసం మా ఆయన అనంతపురం బస్సెక్కారు. మేస్త్రీ చీటీలో బుష్‌లు, షాకబ్జర్లు అని రెండు రాసిచ్చాడు. ఆయన బుష్‌లు మాత్రం తెచ్చారు.

"ఇన్నేండ్లు ఆ షాకబ్జర్లు పని చేయకనే నడిచింది గదా," అన్నారు. "ఎందుకులే అనుకుంటి."

పదో రోజు మధ్యాహ్నం వ్యాన్‌ను బండల మీద నుంచి దించారు. నేను పిలవలేదు, ఆడవాళ్ళే వచ్చారు. ఎదురింటి పెద్దమ్మ అందరికంటే ముందే నిలబడింది. మీటరు బద్ద మా పాప చేతికిచ్చి, పక్కన కూర్చోబెట్టుకున్నాను. ముగ్గురు ఎక్కగానే రేకు అంచు కిందికి వచ్చింది. కళ్ళ ముందర, బద్ద మీద గీతలు ఒక్కొక్కటే మూసుకుపోతూ వచ్చాయి. ఏడో ఆమె ఎక్కాక నాలుగు సెంటీమీటర్లు దిగింది.

"దిగింది! దిగింది!" అని పాప గెంతింది. వీధి వీధంతా చప్పట్లు కొట్టింది. లోపల కిటికీ పక్కన పడుకున్న మా వాడు ఏం దిగిందో తెలియకపోయినా, "దిగింది!" అని అరిచాడు.

పెద్దమ్మ కొంగు సర్దుకుని, "ఇప్పుడు మర్యాద నేర్చుకునింది," అంది.

యాభై శెనక్కాయలు పరిచి మోరీ దాటించాం. ఆరు ఎగిరాయి. నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. కానీ మోరీ దాటిన తర్వాత కూడా వ్యాన్ ఊగుతూనే ఉంది. వెనక భాగం పైకీ కిందికీ నాలుగైదు సార్లు, ఉయ్యాల మాదిరి. ఒకసారి దెబ్బ తప్పింది గానీ, నాలుగు సార్లు ఊపితే ఆ కాలికి ఏమవుతుంది?

మేస్త్రీ మా ఆయన వైపు చూశాడు. "ఇన్ని దినాలు తుప్పే పట్టుకోనుండె అన్నా. తుప్పు పెరికేస్తిమి. ఇంగ పట్టుకునేటోడు ఒకడు కావాల గదా? వాణ్ణే చీటీలో రాసిస్తి."

మా ఆయన చెప్పులేసుకున్నారు. బస్టాండుకు పోయేముందు నా దగ్గరికి వచ్చి, "నువ్వు కూడా ఏమీ అనొద్దు," అన్నారు. అనకుండా ఉండడానికి పెదవి కొరుక్కోవాల్సి వచ్చింది. పదకొండో రోజు పొద్దున్నే షాకబ్జర్లతో వచ్చారు, సాయంత్రం బిగించారు. మళ్ళీ మోరీ. వ్యాన్ ఒక్కసారి కిందికి దిగి, పైకి వచ్చి, నిలబడింది. పళ్ళెంలోంచి మూడు కాయలు మాత్రం ఎగిరాయి. పాప వాటిని వలిచి, ఒకటి తమ్ముడికి, ఒకటి మేస్త్రీకి, ఒకటి నాయనకు ఇచ్చింది.

మరుసటి రోజు తెల్లవారుతుండగా బయలుదేరాం. పలక, బొంతలు, వాడు, నేను, నా అరచెయ్యి కట్టు మీద. ఊరు దాటేదాకా ఊపిరి బిగపట్టుకునే ఉన్నాను. గుంటలు వస్తున్నాయి, పోతున్నాయి. వ్యాన్ వాటిలోకి దిగి లేస్తోంది, కానీ నా చేతికి ఏమీ తగలడం లేదు. పిల్లవాడి ఊపిరి ఒక్కటే తెలుస్తోంది. దారిలో ఆ పెద్ద మోరీ వస్తుందని నాకు తెలుసు. ఎదురుచూస్తూ కూర్చున్నాను.

"ఆ మోరీ ఇంకా రాలేదా?" అని అడిగాను ఆయన్ను.

"ఎప్పుడో దాటేస్తిమి," అన్నారు.

వెనక్కి తిరిగి చూస్తే, నిజంగానే, మోరీ గోడలు దూరంగా చిన్నగా కనిపించాయి. నేను గట్టిగా నవ్వాను. ఎందుకు నవ్వుతున్నానో తెలియకపోయినా వాడూ నవ్వాడు. కట్టు వేసిన తర్వాత వాడు నవ్వగా నేను చూడడం అదే మొదలు.

ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసి తడి ఫిల్ము డాక్టరు చేతికిచ్చారు. ఆయన దాన్ని కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు. ఆ కొద్ది సేపూ నేను పడ్డ బాధ పన్నెండు రోజుల్లోనూ పడలేదు. పాత ఫిల్ము కూడా తెప్పించి రెండూ పక్కపక్కన పెట్టాడు.

"కదల్లేదు," అన్నాడు. "వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ఇదో చూడండి, మబ్బు మాదిరి తెల్లగా కనిపిస్తాంది గదా ఎముక చుట్టూ? కొత్త ఎముక. చక్కగా పడుతోంది." తర్వాత మా ఇద్దరి వైపూ చూశాడు. "ఎట్ల తెచ్చినారు? అంబులెన్సులోనా?"

"లేదు సార్," అన్నారు మా ఆయన. ఆయన గొంతులో అంత గర్వం నేను ఎప్పుడూ వినలేదు. "మా వ్యాన్‌లోనే. మా ఇంట్లో వాళ్ళే బాగు చేయించినారు."

ఇంట్లో వాళ్ళంటే నేనని డాక్టరుకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక ఆయన కుర్చీలోంచి లేచి కిటికీలోంచి కింద నిలబడ్డ వ్యాన్‌ను చూశాడు. చూడడానికి ఏమీ లేదు. తుప్పు రేకులు, దుమ్ము. నాకు మాత్రం దాని కంటే అందమైన బండి ఆ జిల్లాలోనే లేదనిపించింది.

తిరుగుదారిలో వాడు నిద్రపోయాడు. ఆ వ్యాన్‌లో పిల్లవాడు నిద్రపోవడం! ఇంటి ముందు మేస్త్రీ, మా అత్త, వీధిలో సగం మంది కాచుకుని ఉన్నారు. మా ఆయన దిగీ దిగకముందే "కదల్లేదు!" అని అరిచారు. మా అత్త అక్కడే కూలబడి ఏడ్చింది. మేస్త్రీ తలకు కట్టుకున్న గుడ్డ విప్పి కళ్ళు తుడుచుకుని, "ఈ దసరాకు నేను ఒక్క కమానుకూ కుంచె పెట్టను. ఎవడన్నా అడిగితే ఈ అమ్మ కాడికి పంపిస్తా," అన్నాడు.

ఇది జరిగి మూడేళ్ళయింది. పిల్లలు పడుకున్నాక, వాళ్ళ చప్పుడు లేని వేళ ఇవన్నీ రాసుకుంటున్నాను. ఆ పన్నెండు రోజుల్లో నేను ఒక్కసారైనా నిండుగా నిద్రపోయిన గుర్తు లేదు. ఆస్పత్రి నుంచి వచ్చిన రాత్రి కూడా సంతోషానికి నిద్ర పట్టలేదు. మరుసటి రోజు పొద్దున పిల్లలిద్దరికీ పాలు ఇచ్చి, వాడి పలక పక్కన కూర్చుని చెప్పాను:

"ఇద్దరూ వినండి. ఎముక అతుక్కుంటాంది. ఇంగ నాలుగు వారాలకు కట్టు తీస్తారు, అప్పుడు నువ్వు నడిచేది మళ్ళీ మొదట్నించి నేర్చుకోవాల, నేను పట్టుకుంటా. అంతదంక అది కావాల ఇది కావాల అని అవ్వను అడగండి. నేను ఇప్పుడు నీళ్ళు పోసుకుని, కడుపు నిండా తిని, పొద్దు వాలేదంక పడుకుంటాండా. ఇల్లు కూలినా నన్ను లేపొద్దు."